రెండు లీటర్ల ఓక్ పీపా, అనంతపురం ఎండ

ఆన్‌లైన్‌లో కొన్న రెండు లీటర్ల ఓక్ పీపా గురించి ఇది. బయట ఇనుప కట్లు, లోపల కాల్చిన చెక్క, ముందు చిన్న కొళాయి, కింద స్టాండు. చలికాలం చివర్లో తెప్పించాను, ఎండాకాలమంతా వాడాను, ఇప్పటికీ వాడుతున్నా. అమ్మినవాళ్ల పేరు రాయను, ఇలాంటివి చాలామందే అమ్ముతున్నారు, ఫొటోలు చూస్తే అందరి సరుకూ ఒకేలా ఉంది. ధర ఆరు వేలకు కాస్త అటూ ఇటూ. నా తీర్పు ముందే చెప్పేస్తా: వస్తువు మంచిదే, పెట్టె మీద రాసిన మాటలే నమ్మొద్దు. ఇందులో మందు పోసి ఉంచితే వారాల్లోనే పన్నెండేళ్లు పీపాలో ఉన్న విస్కీ రుచి వస్తుందట. రాదు. వచ్చేది వేరే ఒకటి, అది కూడా బాగానే ఉంటుంది, కానీ అనంతపురంలో దాన్ని సరైన టైంకు దించుకోవడమే అసలు పని.

ఇది కొన్నానని తెలియగానే మావాళ్లు అడిగిన మొదటి మాట "ఏమబ్బా, కాస్తున్నావా?" అని. లేదు. ఇంట్లో సారా కాచడం మన రాష్ట్రంలో నేరం, బెల్లం ఊటతో కాచినా బార్లీ మొలకలతో కాచినా ఎక్సైజ్ వాళ్లకు రెండూ ఒకటే. న్యూజిలాండ్‌లో 1996 నుంచి సొంతానికి కాచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, అందుకే అక్కడివాళ్లు రాగి బట్టీల ముందు నిలబడి దర్జాగా వీడియోలు పెడతారు. అవి చూసి ప్రెషర్ కుక్కర్‌కు గొట్టం తగిలించే ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి. స్పిరిట్ ఆవిరికి నిప్పు అంటుకుంటే ఆర్పే టైం కూడా ఉండదు. ఇక చాటుగా కాచేవాళ్ల దగ్గర కొనుక్కొచ్చి పీపాలో పోద్దామనుకునే మహానుభావులు కూడా ఉన్నారు. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచ్చిలో 60 మందికి పైగా చనిపోయింది మెథనాల్ కలిసిన సారా తాగే. ఏ చెక్కా ఆ విషాన్ని తీసెయ్యదు.

నేను చేసింది షాపులో కొన్న సీసాలు పీపాలో పోసి నా కోసం ఉంచుకోవడం, అంతవరకే. ఒక చుక్క అమ్మను. ఇంట్లో ఎంత ఉంచుకోవచ్చో దానికీ పరిమితి ఉంది కాబట్టే చిన్న పీపా తీసుకున్నా, పెద్దవాటి జోలికి పోలేదు. బెంగళూరులో ఉండే మా బావ "నేను వచ్చేటప్పుడు తెస్తాలేరా, ఇక్కడ మంచి సీసాలు దొరుకుతాయి" అన్నాడు. "సరిహద్దులో కొడికొండ చెక్‌పోస్టు దగ్గర నీ కారు ఆపితే పీపా సంగతి తర్వాత, మీ ఇంట్లో అక్కకు ఎవరు జవాబు చెప్తారు బావా" అన్నాను, ఇక మాట్లాడలేదు.

సరే, వస్తువు సంగతి. కొనేముందు చూడాల్సింది చెక్క. ఆన్‌లైన్‌లో "వుడెన్ బ్యారెల్" అని వెతికితే సగం మామిడి చెక్కవి, షీషం చెక్కవి వస్తాయి, లోపల స్టీలు డబ్బానో ప్లాస్టిక్ డబ్బానో పెట్టి ఉంటుంది, అవి షోకేసులో పెట్టుకోవడానికి. మనకు కావాల్సింది వైట్ ఓక్. ఆ చెక్కలో నీళ్లు నడిచే సన్నటి గొట్టాలు చెట్టు మీద ఉండగానే పూడుకుపోతాయి, అందుకే జిగురు లేకుండా పలకలు బిగించినా అందులో ద్రవం నిలుస్తుంది. నాకొచ్చిన పీపా మూత పలకల మీద వెలుతురు పడేలా ఏటవాలుగా పట్టుకుని చూస్తే నారకు అడ్డంగా వెండి రంగులో మెరిసే చారలు కనపడ్డాయి, అది ఓక్ గుర్తు. బిరడా తీసి సెల్‌ఫోన్ లైటు వేస్తే లోపల నల్లగా కాలిన పొర, అక్కడక్కడా పగుళ్లు. వాసన చూస్తే పొయ్యి బొగ్గు, దాని వెనక సన్నగా వెనీలా. పైన వార్నిష్ మాత్రం లేకుండా చూసుకోండి, నాది లేదు, పచ్చి చెక్కే, దానికి ఒక మార్కు.

తెచ్చిన వెంటనే పోయకూడదు. వేడినీళ్లు నింపి ఉంచితే పలకలు ఉబ్బి ఒకదానికొకటి బిగుసుకుంటాయి. మొదటి రాత్రి కింద పెట్టిన టబ్బు సగం నిండింది, అది మామూలే, కంగారుపడొద్దు. మరుసటి రోజుకు పలకల సందుల్లో కారడం ఆగింది కానీ కొళాయి దగ్గర ఆగలేదు. చెక్క కొళాయి, తిప్పే మర వదులు, మూసినా చుక్క చుక్క పడుతూనే ఉంది. అమ్మినవాళ్లకు వీడియో తీసి పంపితే "వుడ్ న్యాచురల్ ప్రొడక్ట్ కదా సార్, వాడగా వాడగా సెట్ అవుతుంది" అని జవాబు. సెట్ కాలేదు. మా వీధిలో తలుపులు చేసే ఆచారి దగ్గరికి తీసుకెళ్తే పీపాను అటూ ఇటూ తిప్పి చూసి, "పని బాగుంది స్వామీ, ఈ కొళాయి ఎవరో నిద్రలో చేసినారు" అన్నాడు. తేనెమైనం కరిగించి, మర చుట్టూ రాసి, కొళాయిని వెనక్కి లాగి మళ్లీ దిగ్గొట్టాడు. డబ్బులు తీసుకోలేదు, "ఏం పోస్తారో పోసినాక పిలవండి" అన్నాడు. కారడం తగ్గింది, పూర్తిగా ఆగలేదు.

ఇప్పుడు ఏం పోయాలి అన్నది. నాకు మొదటి నుంచీ గ్రెయిన్ విస్కీ అంటే ఆసక్తి. పేరున్న స్కాచ్ బ్లెండ్లలో, అంటే రకరకాల విస్కీలు కలిపి చేసేవాటిలో, ఎక్కువ భాగం అదే ఉంటుంది, పేరు మాత్రం మొలకెత్తించిన బార్లీ ఒక్కదానితోనే చేసే మాల్ట్ విస్కీ కొట్టేస్తుంది. గోధుమలు గానీ మొక్కజొన్నలు గానీ ఉడికించి, అందులో కొంచెం మొలకెత్తించిన బార్లీ కలుపుతారు, ఆ మొలకల్లోని ఎంజైములు పిండిని చక్కెరగా మారుస్తాయి. మన ఇళ్లలో మొలకల రాగిపిండితో చేసిన జావ పలచగా, చక్కెర వెయ్యకుండానే కాస్త తియ్యగా ఉండటానికి కారణం కూడా అదే. తర్వాత పులియబెట్టి, ఆగకుండా నడిచే పొడవాటి స్తంభం లాంటి బట్టీలో కాస్తారు. 1830లో దానికి పేటెంటు తీసుకున్నది ఐర్లాండ్‌లో ఎక్సైజ్ అధికారిగా పనిచేసిన ఏనియస్ కాఫీ. ఎక్సైజ్ ఆయనే బట్టీ కనిపెట్టాడంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు. స్కాట్లాండ్ చట్టం ప్రకారం ఆ స్పిరిట్ 94.8 శాతం ఆల్కహాల్ కంటే తక్కువ బలంలోనే దిగాలి, 700 లీటర్లు మించని ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు ఉండాలి. అప్పుడే దానికి విస్కీ అని పేరు.

అలా కాచిన పచ్చి స్పిరిట్ మనకు షాపులో దొరకదు. దగ్గరగా దొరికేది ధాన్యంతో చేసిన వోడ్కా. లేబుల్ మీద గ్రెయిన్ న్యూట్రల్ స్పిరిట్ అని ఉంటుంది, చదివి కొనండి, ఎందుకంటే మన దగ్గర చవక సీసాల్లో చాలావాటికి మూలం చెరకు మడ్డి, అంటే మొలాసిస్. అలాంటి దాన్ని యూరప్‌లో విస్కీ అని అమ్మనివ్వరు, అక్కడ ధాన్యం ఉండాల్సిందే. అయితే వోడ్కాలో ఒక చిక్కుంది. దాన్ని 96 శాతం దాకా శుద్ధి చేస్తారు కాబట్టి గోధుమ తీపి, మొక్కజొన్న జిడ్డుదనం ఏవీ మిగలవు. పీపాలోంచి వచ్చే రుచంతా చెక్కదే. మొక్కజొన్న ఎక్కువగా వేసి చేసే తమ బోర్బన్ విస్కీని 80 శాతం దాటకుండా కాచాలని అమెరికా వాళ్లు రూలు పెట్టుకున్నారు, ధాన్యం రుచి నిలిచేది అందువల్లే. కాబట్టి ఈ పీపాలో తయారయ్యేదాన్ని విస్కీ అని నేను అనను, ఓక్‌లో నానిన వోడ్కా అంటాను.

మొదటి విడత పోసింది ఆ వోడ్కానే, 42.8 శాతం. వారం తిరిగేసరికి గడ్డి రంగు, వాసన మాత్రం వడ్రంగి షాపు. ఇంకో వారానికి బంగారు రంగు, ముక్కుకు వెనీలా, కాస్త కొబ్బరి. రెండు చుక్కలు అరచేతిలో వేసి రుద్ది వాసన చూస్తే ఆల్కహాల్ ఎగిరిపోయాక కాల్చిన చక్కెర వాసన మిగిలింది. చెక్క లోపలి పొర కాలినప్పుడు అందులోని హెమీసెల్యులోజ్ అనే పదార్థం అచ్చంగా చక్కెరే అయ్యి మాడుతుంది, చెక్కలోనే ఉండే లిగ్నిన్ నుంచి వెనీలా వాసననిచ్చే వెనిలిన్ వస్తుంది, కొబ్బరి వాసన ఓక్‌లోని లాక్టోన్లు అనే నూనెలాంటి పదార్థాలది. దించాల్సింది అప్పుడే. చూద్దామని ఒక అర సీసా పక్కకు తీసి మిగతాది కావాలనే ఉంచాను. మే నెల వచ్చేసరికి డికాషన్ రంగు, నోట్లో పోసుకుంటే ముందు తీపి, వెంటనే నాలుక అంచులు ముడుచుకుపోయేంత వగరు. మా బావ ఒక గుక్క తాగి "ఇది తాగేదా, తలుపులకు పూసేదా" అన్నాడు. ముందు తీసిపెట్టిన అర సీసా మాత్రం ఆయనే ఖాళీ చేసి పోయాడు.

ఎందుకిలా అంటే లెక్క సులభం. బోర్బన్ పీపా సుమారు 200 లీటర్లు. అదే ఆకారంలో 2 లీటర్ల పీపా చేస్తే ప్రతి లీటరుకూ తగిలే చెక్క నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. రంగు, వగరు అంత వేగంగా దిగిపోతాయి. కానీ పాతబడటం అంటే చెక్క రసం దిగడం ఒక్కటే కాదు. పలకల గుండా నెమ్మదిగా గాలి ఆడాలి, ఆమ్లాలూ ఆల్కహాలూ కలిసి పండ్ల వాసనలుగా మారాలి, బొగ్గు పొర ఘాటును పీల్చుకోవాలి. వీటికి ఏళ్లు పడుతుంది, చిన్న పీపా వీటిని తొందరపెట్టలేదు. పెట్టె మీద రాసినవాళ్లు ఈ సగం దాచిపెట్టారు.

దీనికి మన ఎండ తోడైంది. స్కాట్లాండ్‌లో పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుందని లెక్క, దాన్ని దేవతల వాటా అంటారు. బెంగళూరులో విస్కీ చేసే అమృత్ కంపెనీ వాళ్లకు అది 10 శాతం పైనే, 2013లో వాళ్లు తెచ్చిన విస్కీకి ఆశపోతు దేవతలు అనే అర్థం వచ్చే పేరే పెట్టుకున్నారు. బెంగళూరు చల్లటి ఊరు. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలు, పైగా గాలిలో తేమ ఉండదు, పీపా చిన్నది, పలకలు పలచన. పీపాను ఊపితే లోపల గలగలమనే శబ్దం వారం వారం పెరగడం నేను విన్నాను. కొంత చెక్క తాగింది, కొంత గాలి తాగింది, పావు సీసాకు పైనే పోయింది. పొడి గాలిలో ఆల్కహాల్ కంటే నీళ్లే ఎక్కువగా పోతాయి కాబట్టి మిగిలింది ఘాటెక్కుతుంది, చెంచాడు నీళ్లు కలుపుకోవాల్సి వచ్చింది. స్టోర్ రూంలో బియ్యం డ్రమ్ము పక్కన, నేల మీద పెడితే నయం. అటక మీద పెట్టొద్దు, కప్పు వేడికి మాడిపోతుంది. వంటింట్లోనూ వద్దు, పొయ్యి దగ్గర స్పిరిట్ ఆవిరి మంచిది కాదు. పూజ గది గోడకు ఆనించి పెట్టబోతే మా అమ్మ చూసిన చూపుకు స్టోర్ రూం నాకే ఖాయమైంది.

రెండో విడత నాకు బాగా నచ్చింది. ఈసారి మధ్యరకం విస్కీ పోశాను. మొదటి వోడ్కా పచ్చి వగరంతా లాగేసింది కదా, ఇది నిదానంగా ఎక్కింది, మొదటి విడతకు రెట్టింపు కాలం ఉంచినా వగరు రాలేదు. సీసాలో ఉన్నప్పటి కంటే గుండ్రంగా, తాగాక గొంతులో కాసేపు కాల్చిన చక్కెర రుచి నిలిచేలా తయారైంది. కాబట్టి కొన్నవాళ్లు మొదటి విడతకు చవకది, తక్కువ కాలం. మంచిది రెండో విడతకు దాచుకోండి. మొదటి నెలలో వారానికోసారి చెంచాడు తీసి చూడండి, ఎండాకాలమైతే వారానికి రెండుసార్లు. దించేటప్పుడు బొగ్గు నలుసులు వస్తాయి, పలుచటి గుడ్డలో వడకట్టాలి. దించాక పీపాను ఖాళీగా మాత్రం వదలొద్దు, మన ఎండకు పలకలు ఎండి కట్లు జారిపోతాయి, వేరేది పోసేదాకా నీళ్లు నింపి మారుస్తూ ఉండాలి.

ఇంత తతంగం ఎందుకనుకుంటే ఓక్ ముక్కలు విడిగా దొరుకుతాయి, వాటిని గాజు సీసాలో వేసి పెట్టినా రంగు, వెనీలా వస్తాయి, కారదు, ఆవిరవ్వదు, ఖర్చు పదో వంతు. రుచి ఒక్కటే కావాలంటే అదే చాలు. వారానికోసారి బిరడా తీసి వాసన చూసే సరదా కావాలంటే పీపా. తాగే అలవాటు లేని ఇంట్లో అలంకారానికి కొనే వస్తువు కాదు, ఎండిపోయి విడిపోతుంది. చెక్కకు, కాల్చిన తీరుకు ఐదుకు నాలుగు, కొళాయికి ఒకటి, పెట్టె మీద రాతకు సున్నా. కొళాయి లేకుండా ఒక్క బిరడాతోనే వచ్చే మోడల్ కూడా ఉంది, ధర కాస్త తక్కువే, పైనుంచి గొట్టంతో లాక్కోవచ్చు. కొనేవాళ్లు అది తీసుకోండి.