సమ్మేళనమా, నెలనెలా మెంటరింగా? మగపిల్లల సర్కారు బడికి ఏది మేలు

సంక్రాంతి దగ్గర పడగానే, మళ్లీ ఎండాకాలం సెలవుల్లో, నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు పదో తరగతి పాత బ్యాచుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట మొదలవుతుంది. "అందరం కలుద్దాం, మన బడికి ఏదో ఒకటి చేద్దాం." మనసు మంచిదే. కానీ ఆ ఏదో ఒకటి దాదాపు ప్రతిసారీ సమ్మేళనం దగ్గరికే వచ్చి ఆగుతుంది: షామియానా, సౌండ్ సిస్టం, గేటు దగ్గర ఫ్లెక్సీ, రిటైరైన సార్లకు శాలువాలు, మెమెంటోలు, మధ్యాహ్నం బిర్యానీ. ఈమధ్య కొన్ని బ్యాచులు ఇంకో దారి పట్టాయి. ఎనిమిది, తొమ్మిది చదివే పిల్లల్ని చిన్న చిన్న గుంపులుగా తీసుకుని నెలనెలా వెళ్లి వాళ్లతో కూర్చుంటున్నారు. దాన్నే మెంటరింగ్ అంటున్నారు. రెండూ దగ్గరుండి చూశాను, రెండింట్లోనూ పని చేశాను. చేతిలో ఉన్న డబ్బు, టైం ఒక్కదానికే సరిపోతే మెంటరింగ్‌కే పెట్టండి అని ముందే చెప్పేస్తున్నా. అయితే మెంటర్‌గా ఎవరు వెళ్లాలి, సమ్మేళనం ఎలా ఉంటే ఆ ఖర్చుకు అర్థం ఉంటుంది అనేవి చాలామంది అనుకునేదానికి కొంచెం వేరుగా ఉంటాయి, అందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

ముందు మగపిల్లల బడి సంగతి. అడిగితే వీళ్లు చెప్పరు. "ఎట్లున్నవురా?" అంటే "మంచిగున్న సార్", "ఏమన్న ఇబ్బందా?" అంటే "ఏం లేద్సార్", అక్కడితో సరి. తండ్రి హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయి ఉంటాడు, పాలమూరు వైపైతే ముంబై, పుణె వలస ఇంకా ఉంది, ఇంట్లో అమ్మ ఒక్కతే. అక్టోబర్ నుంచి పత్తి ఏరడానికి కొందరు బడి మానేస్తారు. గద్వాల వైపు ఆ పని ఇంకా ముందే మొదలవుతుంది, వానాకాలంలోనే విత్తన పత్తి చేలల్లో క్రాసింగ్ పనికి, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే పనికి, పిల్లల్ని పిలుస్తారు. పెళ్లిళ్ల సీజన్ వస్తే తొమ్మిదో తరగతి పిల్లగాడు క్యాటరింగ్‌కు పోయి రాత్రి ఒంటిగంటకు ఇంటికొస్తాడు, తెల్లారి క్లాసులో తూగుతాడు. సార్ కోప్పడతారు, వాడు తల దించుకుంటాడు, ఎందుకు తూగుతున్నాడో ఇద్దరి మధ్యా మాటకు రాదు. చేతిలో నాలుగు పైసలు పడ్డ పిల్లగాడికి బడి బరువనిపించడం అక్కడే మొదలు. ఆ మాట బయటికి రావాలంటే ఎదుటి మనిషి మళ్లీ వస్తాడన్న నమ్మకం వాడికి ఉండాలి. ఒక్కరోజు కార్యక్రమం ఆ నమ్మకం ఇవ్వలేదు, ఎంత ఘనంగా చేసినా సరే.

ఇప్పుడు డబ్బు లెక్క. అరవై మంది బ్యాచ్ తలా 3 వేలు వేసుకుందనుకోండి, 1,80,000 అవుతుంది. మంచి సమ్మేళనానికి సరిపోతుంది, సాయంత్రానికి అయిపోతుంది కూడా. అటు ఎన్‌ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్) స్కాలర్‌షిప్ చూడండి, పేదింటి పిల్లలకు కేంద్రం ఇచ్చేది. ఎనిమిదో తరగతిలో పరీక్ష రాసి ఎంపికైన పిల్లగాడికి తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000 చొప్పున నాలుగేళ్లు, అంటే మొత్తం 48,000 వస్తుంది. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ ఎస్టీ పిల్లలకైతే 50. మన బళ్లలో ఇవి సరిపోయే పిల్లలు ఎంతమందో ఉంటారు. నలుగురు పిల్లలకు ఈ స్కాలర్‌షిప్ వచ్చేలా, వచ్చినది మధ్యలో ఆగకుండా చూసుకోగలిగితే 1,92,000, మన సమ్మేళనం ఖర్చు కంటే ఎక్కువే, నేరుగా పిల్లల ఖాతాల్లో పడుతుంది.

పరీక్ష కంటే కష్టం ఆ తర్వాత ఉంటుంది. పేరు వచ్చాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి, మళ్లీ ప్రతి ఏడాదీ రెన్యూవల్ చేయాలి. మా దగ్గర ఒక తొమ్మిదో తరగతి పిల్లగాడు ఎంపికైన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సోషల్ పుస్తకంలో దాచుకుని తిరుగుతున్నాడు. "డబ్బులు పడ్డాయారా?" అంటే "పడలేదన్నా" అని ఊరుకున్నాడు. రెండు మూడుసార్లు కూర్చున్నాక గానీ అసలు సంగతి బయటపడలేదు. బడి రిజిస్టర్‌లో ఇంటిపేరు ముందుంది, ఆధార్‌లో వెనకుంది, ఆ తేడాకు దరఖాస్తు ముందుకు పోలేదు. వాళ్లమ్మ ఆధార్ సెంటర్‌కు ఒకసారి పోయింది, లైన్ చూసి తిరిగొచ్చేసింది, ఇంకో పూట పోతే ఆ రోజు కూలి పోతుంది మరి. మెంటర్‌గా వచ్చే తమ్ముడు, డిగ్రీ చదువుతున్నవాడు, ఒక శనివారం వాళ్లిద్దరినీ వెంటబెట్టుకుని పోయి పేరు సరి చేయించాడు, తర్వాత ఆదాయం సర్టిఫికెట్‌కు మీసేవలో అప్లై చేయించాడు, బ్యాంకులో ఆధార్ లింక్ అయిందో లేదో కనుక్కున్నాడు. మెంటరింగ్ అంటే చాలావరకు ఇదే పని. స్టేజీ మీద నిలబడి పెద్ద కలలు కనండి అనడం చెడ్డదని కాదు, ఆ పిల్లగాడికి ఆ రోజు కావాల్సింది లైన్లో తన పక్కన నిలబడే మనిషి.

మరి సమ్మేళనం వల్ల ఏ లాభమూ లేదా అంటే, ఉంది. చెదిరిపోయిన బ్యాచ్ ఒక చోటికి వస్తుంది, పాత సార్ల కళ్లలో ఆనందం చూస్తాం, ఆ ఊపులో బడికి బెంచీలో, వాటర్ ఫిల్టరో వస్తుంది. మనుషులను కూడగట్టడానికి అంతకు మించింది లేదని ఒప్పుకోవాలి. కానీ ఆ రోజు బడి పిల్లలు ఏం చేస్తున్నారో ఒకసారి గమనించండి. కుర్చీలు మోస్తారు, నీళ్ల గ్లాసులు అందిస్తారు, స్వాగత గీతం పాడతారు, ప్రసంగాల మధ్య చప్పట్లు కొడతారు. కార్యక్రమం మనది, పని వాళ్లది. అదే సెప్టెంబర్ 5కు ముందో వెనకో బళ్లలో జరిగే స్వయం పరిపాలన దినం చూడండి, పదో తరగతి పిల్లగాడు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని ఆరో తరగతికి లెక్కలు చెబుతుంటే వాడి నడకే మారిపోతుంది. దానికి మనం రూపాయి పెట్టక్కర్లేదు. ఏ కార్యక్రమానికైనా నేను చూసే కొలత ఇదొక్కటే, అందులో పిల్లగాడి చేతికి బాధ్యత వచ్చిందా లేదా.

ఆ కొలతకు నిలబడే కార్యక్రమం ఎలా ఉంటుందో మన జిల్లా నుంచే చెబుతా. నల్లగొండ అంటే ఫ్లోరైడ్. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఊళ్లలో వంకరపోయిన కాళ్లతో, వంగిన నడుముతో బతుకు వెళ్లదీసిన తాతలు, అవ్వలు ఈ పిల్లల ఇళ్లలోనే ఉన్నారు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక తాగడానికి బోరు నీళ్ల మీద ఆధారపడటం తగ్గింది, అయినా చేల దగ్గర, పైపు రాని రోజుల్లో బోరు నీళ్లే తాగేవాళ్లున్నారు. సైన్స్ ఫెయిర్ రోజున పిల్లల్ని ఇంటి దగ్గరి బోరు నీళ్లు ఒక్కో సీసాలో తెమ్మనండి, సీసా మీద వాడ పేరు రాయమనండి. ఫ్లోరైడ్ పరీక్ష కిట్‌లోని మందు చుక్కలు వేస్తే రంగు తేలుతుంది, గులాబీ రంగులోనే ఉంటే ఫ్లోరైడ్ తక్కువ, పసుపు వైపు తిరిగినకొద్దీ ఎక్కువ. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదు, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా, అది దాటితే తాగొద్దు. ఎనిమిదో తరగతి పిల్లగాడు టెస్ట్ ట్యూబ్‌ను వెలుతురుకు పట్టుకుని "అమ్మా, ఇది మన చేను బోరు, చూడు పసుపుకు తిరిగింది" అంటుంటే, కొంగు భుజాన కప్పుకుని ఇంతసేపూ వెనక నిలబడ్డ ఆ తల్లి ముందుకొచ్చి వంగి చూస్తుంది. పేరెంట్స్ మీటింగ్‌కు పిలిస్తే రానివాళ్లు కూడా దీనికి వస్తారు, ఎందుకంటే కొడుకు చెప్పేది వాళ్ల నీళ్ల గురించి, వాళ్ల మోకాళ్ల నొప్పుల గురించి. కిట్లకు, టేబుళ్లకు, చాయ్ బిస్కెట్‌కు అయ్యే ఖర్చు షామియానా ఖర్చులో పావు వంతు కూడా కాదు.

మోటివేషన్ స్పీచ్ గురించి ఎక్కువ చెప్పను. గంటసేపు ఊపు వస్తుంది, మర్నాటికి దిగిపోతుంది. చెప్పిన మనిషి తర్వాత ఫోన్ ఎత్తే రకమైతే పిలవండి, లేకపోతే వద్దు.

ఇక మెంటర్‌గా ఎవరు? ఇక్కడే చాలా బ్యాచులు దారి తప్పుతాయి, బ్యాచ్‌లో పెద్ద ఉద్యోగంలో ఉన్నవాళ్లను ముందుకు తోస్తాయి. అధికారి ఎదురుగా కూర్చుంటే పిల్లగాడు చేతులు కట్టుకుని నీళ్లు నములుతాడు. ఇంటరో పాలిటెక్నికో చదివే అన్న వస్తే మాత్రం "అన్నా, ఎంపీసీ తీసుకుంటే లెక్కలు మస్తు కష్టమంట కదా" అని వాడే అడుగుతాడు. పాలిసెట్ రాసి సీటు తెచ్చుకున్నవాడికి ఆ ఫారం ఎప్పుడు పడుతుందో గుర్తుంటుంది, బాసర ట్రిపుల్ ఐటీకి ఎంట్రన్స్ ఉండదని, పదో తరగతి మార్కులతోనే తీసుకుంటారని, సర్కారు బడి పిల్లలకు అదనపు వెయిటేజీ ఉంటుందని అందులో చదివే పిల్లవాడు చెప్తే దానికి విలువే వేరు. పెద్దవాళ్లం మనం ఆ అన్నల వెనక నిలబడాలి, వాళ్ల బస్ చార్జీలు పెట్టుకోవాలి, ఆఫీసుల్లో పని ఆగితే ఫోన్ చేయాలి. పెద్దవాళ్ల అండ, తోటివాళ్ల సావాసం, ఈ రెండూ కలవడం మన ప్రాంతానికి కొత్తేం కాదు. 1918లో, తర్వాత నగర కొత్వాల్ (పోలీసు కమిషనర్) అయిన రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ పెట్టినప్పుడు, తర్వాత పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి దాని బాధ్యతలు చూసినప్పుడు, ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు దొరికింది అదే. అక్కడ అందింది రోజూ కళ్ల ముందుండే మనుషులు.

సార్లే ఒక్కొక్కరు పదేసి మంది పిల్లల్ని దత్తత తీసుకుంటే సరిపోదా అని అడుగుతారు. పదో తరగతి రిజల్ట్ కోసం చాలా బళ్లలో అలా చేస్తున్నారు, మార్కులు పెరుగుతాయి కూడా. కానీ సార్లకు క్లాసులతో పాటు మధ్యాహ్న భోజనం లెక్కలు, ఆన్‌లైన్ ఎంట్రీలు, స్పెషల్ క్లాసులు ఉన్నాయి. పైగా ఇంట్లో గొడవ గురించో, గుట్కా అలవాటు గురించో మార్కులు వేసే మనిషికి ఏ పిల్లగాడూ నోరు విప్పి చెప్పడు. బయటి అన్న కావాల్సింది అందుకే.

మెంటరింగ్‌లోనూ పెద్ద లోపం ఒకటుంది, అది దాచకూడదు. మొదటి నెల ఎనిమిది మంది వస్తారు, దసరా తర్వాత ముగ్గురు మిగులుతారు. మధ్యలో మానేసిన మెంటర్ వల్ల జరిగే నష్టం అసలు మొదలుపెట్టకపోవడం కంటే ఎక్కువ, ఎందుకంటే ఇప్పటికే తండ్రి దూరంగా ఉన్న పిల్లగాడికి ఇంకో మనిషి కూడా మొహం చాటేసినట్టు అవుతుంది. అందుకే వారం వారం వస్తామని మాటివ్వొద్దు. నెలకోసారి అనండి, తప్పకుండా రండి. మూడో శనివారం ఎలాగూ తల్లిదండ్రుల సమావేశం ఉంటుంది, ఆ రోజే పెట్టుకుంటే అమ్మలు కూడా దొరుకుతారు, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాళ్లు పొద్దున బస్సెక్కి సాయంత్రానికి తిరిగి వెళ్లిపోవచ్చు. ఒక్కో గుంపుకు ఇద్దరు మెంటర్లుండాలి, ఒకరు రాలేకపోతే రెండోవాళ్లు ఉంటారు.

రెండో మాట పిల్లల భద్రత. మగపిల్లలే కదా అని చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు, ఇది నన్ను బాగా బాధపెడుతుంది. పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే 2012 నాటి పోక్సో చట్టం మగపిల్లలకూ వర్తిస్తుంది, వాళ్లకూ అలాంటివి జరుగుతాయి కాబట్టే. హెడ్మాస్టర్ రాతపూర్వక అనుమతి లేకుండా ఎవరూ మెంటర్‌గా వెళ్లొద్దు. కూర్చునేది వరండాలోనో చెట్టు కిందో, నలుగురికీ కనిపించే చోట. ఆఫీసు పని మీద బయటికి తీసుకెళ్లాల్సి వస్తే అమ్మో నాన్నో వెంట ఉండాలి, హెడ్మాస్టర్‌కు ముందే తెలియాలి. పిల్లగాడు కష్టం చెప్పుకుంటున్న ఫోటో బ్యాచ్ గ్రూపులో పెట్టొద్దు, పేరుతో అసలే వద్దు. చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్ ప్రతి గుంపుకూ మొదటి రోజే చెప్పండి.

ఇవన్నీ పాటించడం కుదరదు, మా బ్యాచ్‌లో అంత ఓపిక ఉన్నవాళ్లు లేరు అనుకుంటే నిజాయితీగా సమ్మేళనమే చేసుకోండి, తప్పులేదు, ఆ డబ్బులో సగం బడికి కావాల్సిన వస్తువుకు పెట్టండి, ఏ వస్తువో హెడ్మాస్టర్‌ను, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలోని అమ్మలను అడిగి పెట్టండి. పట్టుమని నలుగురు నిలకడైనవాళ్లు దొరికితే మాత్రం మెంటరింగ్‌కే దిగండి, పదో తరగతితో కాదు, ఎనిమిదితో మొదలుపెట్టండి, పదోవాళ్లకు స్పెషల్ క్లాసులతోనే ఊపిరాడదు. జూన్‌లో బడి తెరిచిన వెంటనే వెళ్లి హెడ్మాస్టర్‌ను కలవండి. ఎనిమిదో తరగతి పిల్లలందరి ఆధార్ పేర్లు, బడి రిజిస్టర్ పేర్లు పక్కపక్కన పెట్టి చూడటం మొదటి నెల పనిగా పెట్టుకోండి, తేడాలున్నవి ఎన్‌ఎంఎంఎస్ దరఖాస్తులు మొదలయ్యేలోపే సరి చేయించుకోవచ్చు.