హోండా సిటీ సీవీటీ: బ్యాటరీ డౌన్ అయినప్పుడు గేర్ లాక్ తీసే ఏర్పాటు

ఆటోమేటిక్ కారులో బ్యాటరీ పూర్తిగా డౌన్ అయితే ఇంజన్ స్టార్ట్ కాకపోవడంతో పాటు గేర్ లివర్ కూడా ‘పి’ (పార్కింగ్) దగ్గరే బిగుసుకుపోతుంది. బ్రేకు తొక్కినప్పుడు లివర్‌ను వదిలిపెట్టే సోలినాయిడ్‌కు (కరెంటుతో పనిచేసే చిన్న అయస్కాంత మీటకు) కరెంటు కావాలి. అది అందనంతవరకు గేర్‌బాక్సు లోపలి పార్కింగ్ కొక్కెం చక్రాలను కదలనివ్వదు. మాన్యువల్ కారులాగా తోసి స్టార్ట్ చేసే అవకాశం సీవీటీకి, అంటే ఈ కారులోని ఆటోమేటిక్ గేర్‌బాక్సు రకానికి, లేదు. మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ముందు భాగం గోడకు ఆనించి పెట్టిన కారుకు ఈ పరిస్థితి ఎదురైనప్పుడు, పక్కింటివారి కారు బ్యాటరీ నుంచి కరెంటు తెచ్చుకునే జంపర్ కేబుళ్లు బానెట్ దాకా అందే దారి లేకపోయింది. కారును నాలుగడుగులు వెనక్కి తెస్తే తప్ప పని జరగదు.

హోండా సిటీలో ఇందుకోసం చేసిన ఏర్పాటు నాకు ఎంతో నచ్చింది. రిమోట్ పనిచేయనప్పుడు డ్రైవర్ తలుపు తీయడానికి స్మార్ట్ కీ లోపల దాచి ఉంచే లోహపు తాళంచెవే ఇక్కడా ఉపయోగపడుతుంది. ముందుగా హ్యాండ్‌బ్రేకు గట్టిగా వేయాలి. తర్వాత చిన్న చదును స్క్రూడ్రైవర్ మొనకు గుడ్డ చుట్టి, గీతలు పడకుండా లివర్ దగ్గరి చిన్న ప్లాస్టిక్ మూతను పైకి లేపాలి. ఆ రంధ్రంలో తాళంచెవి పెట్టి కిందికి నొక్కి ఉంచి, రెండో చేత్తో లివర్ బటన్ నొక్కుతూ ‘ఎన్’ (న్యూట్రల్)లోకి లాగితే చాలు, ఏ భాగమూ విప్పనక్కరలేదు.

ఇక్కడ జాగ్రత్త అవసరం. లివర్ ‘ఎన్’లోకి వచ్చాక కారును ఆపేది హ్యాండ్‌బ్రేకు ఒక్కటే కాబట్టి, సెల్లార్ ర్యాంపు మీద ఉంటే చక్రాల కింద రాళ్లు పెట్టనిదే ఈ పనికి పూనుకోకూడదు. ఇంజన్ ఆగి ఉన్నందున బ్రేకు పెడల్ చాలా గట్టిగా తగులుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. అందుకే తోసేటప్పుడు సీట్లో ఒకరు కూర్చుని ఉండడం తప్పనిసరి. మేము వాచ్‌మన్ సాయంతో మెల్లగా వెనక్కి తోసి, కేబుళ్లు తగిలించే చోటికి తెచ్చుకోగలిగాం.

స్క్రూడ్రైవర్ మాత్రం డిక్కీలో కాకుండా ముందు గ్లవ్ బాక్సులోనే ఉంచుకోవాలి, ఎందుకంటే కరెంటు లేనప్పుడు డిక్కీ తెరుచుకుంటుందన్న భరోసా ఉండదు.

లివర్‌కు బదులు గుండ్రటి నాబ్‌తోనో బటన్లతోనో గేరు మార్చే కార్లు చాలావాటిలో ఇలాంటి రంధ్రం ఉండదు. వాటికి సాధారణంగా బయటి నుంచి 12 వోల్టుల కరెంటు ఇవ్వాల్సి వస్తుంది. హ్యాండ్‌బ్రేకు కూడా ఎలక్ట్రానిక్ అయితే ఇబ్బంది రెట్టింపు అవుతుంది. ఇరుకు సెల్లార్లలో కారు పెట్టుకునేవారు ఆటోమేటిక్ కొనేముందు, షోరూమ్‌లో ఈ మూత ఎక్కడుందో చూపించమని అడగాలి.