బెజవాడలో ‘యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్’: షీలా కోసం చూడండి

టికెట్ రూ.200, నా లెక్కలో అది తక్కువే. గాంధీనగర్‌లో ఒక చిన్న హాలు, నటుల్లో ఎక్కువమంది కాలేజీ పిల్లలు, ఒకరిద్దరు మాత్రం పరిషత్తు నాటకాల్లో ఏళ్ల తరబడి ఆడినవాళ్లు. ఇంగ్లిష్ రచయిత జె.బి. ప్రీస్ట్‌లీ నాటకం ‘యాన్ ఇన్‌స్పెక్టర్ కాల్స్’ని తెలుగు డైలాగులతో వేశారు. కథ 1912లో ఇంగ్లండ్‌లో జరుగుతుంది, మొదటి ప్రదర్శన 1945లో సోవియట్ యూనియన్‌లో, మరుసటి ఏడాది లండన్‌లో. వీళ్లు పేర్లు మార్చలేదు, ఊరూ మార్చలేదు. ఇంటర్వెల్‌లో ఒక పెద్దాయన “బర్లింగ్‌ని గుంటూరు మిల్లు ఓనర్‌ని చేసి, ఆయన కూతురు షీలాకి శైలజ అని పేరు పెట్టుంటే మనవాళ్లకి బాగా ఎక్కేది కదండీ” అన్నారు. నాకలా అనిపించలేదు. ఎక్కడో ఇంగ్లండ్‌లో ఎవరో దొరల ఇంటి గొడవ అనుకుని తాపీగా కూర్చుంటాం, కాసేపటికి ఆ తాపీతనం కాస్తా పోతుంది, అది పోవాలంటే ముందు ఆ దూరం ఉండాలి.

ముగింపు చెప్పకుండా ఈ రివ్యూ రాయలేను. కథ తెలియకుండా చూడాలనుకునేవాళ్లు చివరి పేరాకి వెళ్లిపోండి.

బర్లింగ్ ఫ్యాక్టరీ యజమాని. కూతురు షీలాకి జెరాల్డ్ అనే కుర్రాడితో సంబంధం కుదిరింది, జెరాల్డ్ తండ్రిది ఇంకా పెద్ద కంపెనీ, పైగా వీళ్లకి పోటీ. అందుకే ఆ డిన్నర్ బల్ల దగ్గర బర్లింగ్‌కి పెళ్లి సంతోషం ఎంతుందో వ్యాపారం సంతోషం అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అప్పుడు ఇన్‌స్పెక్టర్ వస్తాడు. ఈవా స్మిత్ అనే పనిపిల్ల ఫినాయిల్ లాంటి మందు తాగి చనిపోయిందంటాడు. ఒక్కొక్కరినీ అడుగుతూ పోతుంటే ఆ ఇంట్లో అందరికీ ఆ అమ్మాయితో ఏదో సంబంధం ఉందని తేలుతుంది. వారానికి 22 షిల్లింగుల 6 పెన్నీలు వస్తుంటే 25 షిల్లింగులు ఇమ్మని సమ్మె చేసినందుకు తండ్రి పనిలోంచి తీసేశాడు. తర్వాత ఆ అమ్మాయి ఒక పెద్ద బట్టల షాపులో చేరింది. అక్కడినుంచి తీసేయించింది షీలా.

తీసేయించడానికి కారణం వినండి. షీలా ఒక డ్రెస్సు వేసుకుని చూసుకుంది, అది తనకి నప్పలేదు. అదే డ్రెస్సు ఆ అమ్మాయి ఒంటికి ఆనించి చూపిస్తే ఆమెకి ఎంతో నప్పింది. అద్దంలో ఆ అమ్మాయి నవ్వినట్టు కనిపించింది, అంతే, మేనేజర్‌ని పిలిచి ఈ పిల్లని పంపిస్తారా, మా ఇంటి ఖాతా మూసేయమంటారా అని అడిగింది. బీసెంట్ రోడ్డులో, వస్త్రలతలో చీరలు కొనే ఊరు మనది, ఆ సీన్‌లో హాలంతా ఒక్కసారిగా సద్దుమణిగిపోయింది. కౌంటర్ వెనక పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడి, యాభై చీరలు మడతలు విప్పి చూపించి, ఏదీ నచ్చలేదని లేచి వెళ్లిపోతే మళ్లీ అన్నీ మడతపెట్టే అమ్మాయిలు మనందరికీ తెలుసు. వాళ్లలో ఎవరైనా కాస్త విసుగ్గా చూస్తే “మీ ఓనర్‌ని పిలువు” అనడం కూడా విన్నాం. షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు మార్చుకోవాల్సి వచ్చిందంటే, కూర్చోవడం కూడా అడిగి తెచ్చుకోవాల్సిన హక్కు అయింది. 1912 నాటి అద్దం సీన్ పాతబడలేదు.

షీలా వేసిన అమ్మాయి గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. చాలామంది ఈ పాత్రని ఏడుపుతో నడిపిస్తారు, ఇన్‌స్పెక్టర్ చూపించే ఈవా ఫోటో చూడగానే ఏడుపు, పరుగు, మళ్లీ వచ్చి ఏడుపు. ఈ అమ్మాయి మొదట్లోనే ఒక పని చేసింది. తండ్రి కూలీల గురించి మాట్లాడుతుంటే, వాళ్లూ మనుషులే కదా నాన్నా అన్నట్టుగా షీలా ఒక మాట అంటుంది, అప్పటికి తన సంగతి ఇంకా బయటపడలేదు. ఆ మాటని చాలా తేలిగ్గా, అద్దం ముందు జడ సర్దుకుంటూ అనే మాటలా అంది. ఆ మాట నిజమే, దాన్ని అనడానికి తనకి పైసా ఖర్చు లేదు. కాసేపటికి ఫోటో చూశాక ఆ జాలికి తానే లెక్క చెప్పాల్సి వచ్చింది. అప్పుడు కూడా పెద్దగా ఏడవలేదు. నిలబడి, ఉన్నది ఉన్నట్టు, తనకి తాను ఏ రాయితీ ఇచ్చుకోకుండా చెప్పింది. తల్లి బర్లింగ్ దొరసాని గర్భవతిగా సాయం కోరి వచ్చిన ఈవాని తన సేవాసంఘం కమిటీ నుంచి వెనక్కి పంపించి, “ఆ బిడ్డ తండ్రెవరో వాణ్ని పట్టుకోండి” అని గట్టిగా వాదిస్తున్నప్పుడు, ఆ తండ్రి తన తమ్ముడేనని షీలాకి ముందే తట్టేస్తుంది, ఆపమ్మా ఆపు అంటుంది. తల్లి ఆపదు. ఆ నిమిషంలో ఆ అమ్మాయి కళ్లు చూడాలి.

అసలు పరీక్ష చివర్లో. వచ్చినవాడు నిజమైన ఇన్‌స్పెక్టర్ కాదని తేలుతుంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే అలాంటి చావు ఏదీ లేదంటారు. తండ్రి నవ్వుతాడు, గ్లాసుల్లో మందు పోస్తాడు, జెరాల్డ్ జేబులోంచి ఉంగరం తీసి ఇక అంతా బాగుంది కదా, పెట్టుకో అంటాడు. ఇక్కడ షీలాకి వెనక్కి వెళ్లే దారి తెరిచే ఉంది. మోసపోయాం, హమ్మయ్య అనుకుని ఉంగరం పెట్టుకుంటే ఎవరూ తప్పుపట్టరు. ఆమె ఇప్పుడే కాదు, ఆలోచించుకోవాలి అంటుంది. తప్పు బయటపడినప్పుడు తలొంచుకోవడం ఎవరైనా చేస్తారు. పట్టుకునేవాడు లేడని తెలిశాక కూడా ఆ తలొంపుని వదలకపోవడం షీలా ఒక్కతే చేస్తుంది (తమ్ముడు ఎరిక్ కూడా, కానీ వాడు తాగి తూలుతున్నాడు). డబ్బున్న ఇంటి పిల్ల మారింది అనడానికి నాకు ఇంతకన్నా నమ్మదగిన సీన్ ఏ నాటకంలోనూ కనిపించలేదు. వెంటనే మళ్లీ ఫోన్ మోగుతుంది, అది చూసేవాళ్లకే వదిలేస్తున్నా.

బెజవాడకి ధనిక, పేద వర్గాల నాటకం కొత్తేం కాదు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో ‘మా భూమి’ రాసిన నేల ఇది, ప్రజానాట్యమండలి కళాకారులు ఊరూరా ఆడిన నేల. అలాంటి నాటకాల్లో పేదవాడే స్టేజీ మధ్యలో ఉంటాడు, వాడి కష్టం మనం కళ్లారా చూస్తాం. ప్రీస్ట్‌లీ నాటకంలో ఈవా స్మిత్ ఒక్కసారి కూడా కనపడదు. ఇంట్లో కనిపించే పనిమనిషి ఎడ్నా ఒక్కతే, ఆమెకీ రెండు మూడు ముక్కలే మాటలు. డైరెక్టర్‌కి ఈ సంగతి బాగా అర్థమైంది. మొదటి అంకంలో ఎడ్నా ట్రే తెస్తే షీలా ఆమె వైపు చూడకుండానే గ్లాసు అందుకుంటుంది, మూడో అంకంలో ఎడ్నా టీ తెస్తే షీలా లేచి ట్రే తనే తీసుకుని బల్ల మీద పెడుతుంది. డైలాగ్ లేదు, మ్యూజిక్ లేదు, వెనక వరసల్లో సగం మంది గమనించి ఉండరు కూడా. లైటింగ్ కూడా బాగా కుదిరింది, ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా గులాబీ రంగు మెత్తటి వెలుగు, ఆయన అడుగుపెట్టగానే తెల్లటి కరకు వెలుగు, నాటక రచయిత అడిగింది కూడా అదే.

నచ్చనివీ ఉన్నాయి. తల్లి పాత్రధారిణి గొంతు గొప్పది కానీ సీరియల్ అత్తగారిలా కళ్లు తిప్పడం వల్ల పాత్ర పలచబడింది, ఆ తల్లి తాను మంచిదాన్నని నిజంగా నమ్మే మనిషి, అలా నమ్ముతుంది కాబట్టే భయం వేస్తుంది. ఇన్‌స్పెక్టర్ చివరి ప్రసంగం కింద వయోలిన్ ఎందుకండీ, ఆ మాటలకి ఏ తోడూ అక్కర్లేదు. కాలర్ మైకులు గరగరమన్నాయి, రెండో అంకంలో జెరాల్డ్ మాటలు సగం వినపడలేదు. కుర్చీలు సరే, ఫ్యాన్ల మోత మాత్రం ఇబ్బందే.

ముందు నాలుగైదు వరసల్లో కూర్చోండి, షీలా మొహం దగ్గరగా చూస్తేనే ఈ నాటకం పూర్తిగా అందుతుంది. ఇంటర్వెల్‌తో కలిపి రెండున్నర గంటలు పడుతుంది. పన్నెండు, పదమూడేళ్లు దాటిన పిల్లల్ని తీసుకెళ్లొచ్చు, ఆత్మహత్య ప్రస్తావన ఉంది కాబట్టి ముందే ఒక మాట చెప్పి తీసుకెళ్లండి. ఆడపిల్ల పెళ్లి కుదిరిన ఇంటివాళ్లు కుటుంబంతో వెళ్తే మరీ మంచిది. గుంటూరులో కూడా వేస్తామని స్టేజీ మీద ప్రకటించారు, అక్కడైనా మైకులు ముందే సరిచూసుకోమని టీమ్‌కి నా మనవి.