చక్రాల కుర్చీపై జీఎస్టీ: 5 శాతమా, మినహాయింపా, ఏది మేలు?

చక్రాల కుర్చీ కొంటే బిల్లులో హెచ్‌ఎస్‌ఎన్ (వస్తువు రకాన్ని తెలిపే కోడ్) 8713 పక్కన కేంద్ర జీఎస్టీ 2.5 శాతం, రాష్ట్ర జీఎస్టీ 2.5 శాతం కనిపిస్తాయి. వినికిడి యంత్రం బిల్లులో పన్ను సున్నా. నడవలేని మనిషి దగ్గర పన్ను వసూలు చేయడమేమిటన్న ఆగ్రహం 2017 జూలైలో జీఎస్టీ అమల్లోకి వచ్చిన నాటి నుంచీ ఉంది. ఆ ఆగ్రహం న్యాయమైనది. అయితే పన్ను ఎత్తేయడానికి చట్టంలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి మినహాయింపు, రెండోది సున్నా రేటు. రెండింటిలోనూ బిల్లు మీద పన్ను కనిపించదు, కానీ కొనేవారు చెల్లించే ధర మాత్రం ఒక్కటి కాదు.

లెక్క వేసి చూద్దాం. పన్నులు కాక, మిగతావన్నీ కలిపి 10,000 రూపాయలకు అమ్మదగిన చక్రాల కుర్చీ ఒకటి ఉందనుకుందాం. అందులో ఉక్కు గొట్టాలు, చక్రాలు, బేరింగులు వంటి ముడిసరుకు 6,000. దాని మీద 18 శాతం చొప్పున తయారీదారు ముందే 1,080 రూపాయల పన్ను కట్టేశాడు. ఇప్పుడున్న 5 శాతం విధానంలో కొనేవారి నుంచి 500 వసూలవుతుంది. తయారీదారు చేతిలో 1,080 క్రెడిట్ (ముడిసరుకు మీద కట్టిన పన్నును అమ్మకం పన్నులోంచి తగ్గించుకునే హక్కు) ఉంది కాబట్టి ఆ 500 అందులో సర్దుబాటవుతుంది, మిగిలిన 580 ప్రభుత్వం వాపసు ఇవ్వాలి. కుర్చీ ధర 10,500.

మినహాయింపు ఇస్తే? అమ్మకం మీద పన్ను లేదు కాబట్టి క్రెడిట్ కూడా లేదు. కట్టిన 1,080 తయారీ ఖర్చులో కలిసిపోతుంది. బిల్లులో పన్ను గడి ఖాళీగానే ఉంటుంది, ధర మాత్రం 11,080. కొనేవారు అదనంగా 580 చెల్లిస్తారు, ఎందుకు చెల్లిస్తున్నారో కూడా వారికి తెలియదు. విదేశీ తయారీదారుకు ఈ బాధ లేదు. అతని దేశం ఎగుమతులపై పన్ను తిరిగి ఇచ్చేస్తుంది, ఇక్కడ దిగుమతి జీఎస్టీ కూడా ఉండదు. కస్టమ్స్ సుంకం పక్కన పెడితే అతని కుర్చీ 10,000కే వస్తుంది. 2017 జూలైలో కేంద్ర ప్రభుత్వం 5 శాతాన్ని సమర్థిస్తూ చెప్పిన కారణం ఇదే. 2018 జూలైలో శానిటరీ న్యాప్‌కిన్లకు 12 శాతం నుంచి పూర్తి మినహాయింపు ఇచ్చినప్పుడూ ముడిసరుకు మీది పన్ను తయారీదారు నెత్తినే మిగిలింది.

అలాగని మినహాయింపు ఎప్పుడూ నష్టమే అనలేం. కొలతలు తీసి, అచ్చు పోసి, మనిషికి సరిపడేలా చేతితో తయారు చేసే కృత్రిమ కాలును తీసుకోండి. 10,000 విలువలో కొన్న సామగ్రి 2,000 మాత్రమే, మిగతాదంతా పనివారి నైపుణ్యం అనుకుందాం. సామగ్రి మీద పన్ను 360. మినహాయింపులో ధర 10,360, 5 శాతం పన్నుతో 10,500. ఇక్కడ మినహాయింపే మేలు. 18 శాతం పన్ను పడే సామగ్రి అసలు ధరలో సుమారు 28 శాతం కంటే తక్కువైతే మినహాయింపు గెలుస్తుంది, ఎక్కువైతే 5 శాతం గెలుస్తుంది. మోటారు, బ్యాటరీ ఉన్న కుర్చీ రెండో కోవలోకే వస్తుంది.

రేట్ల జాబితా మాత్రం ఇలాంటి లెక్కతో తయారైనట్లు కనిపించదు. 5 శాతం జాబితాలో బ్రెయిలీ పలకలు, అంధుల చేతికర్రలు, గణితం నేర్పే టేలర్ ఫ్రేము, మాట్లాడే థర్మామీటర్లు, శస్త్రచికిత్సతో అమర్చే వినికిడి పరికరమైన కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నాయి. వినికిడి యంత్రానికి మినహాయింపు, అది పనిచేయనంతగా చెవుడు ఉన్న పిల్లలకు అమర్చే, దానికన్నా ఎన్నో రెట్లు ఖరీదైన కాక్లియర్ ఇంప్లాంట్‌కు 5 శాతం! దీనికి కొనేవారిని ఒప్పించే సమాధానం నాకు ఎక్కడా దొరకలేదు.

5 శాతం విధానంలోనూ పెద్ద లోపముంది. పైన చెప్పిన 580 రూపాయల వాపసు సకాలంలో వస్తేనే ఆ లెక్క నిలుస్తుంది. చిన్న తయారీదారుకు అది వచ్చేదాకా పెట్టుబడి ఇరుక్కుపోతుంది. పైగా ఈ రకం వాపసు ముడిసరుకు మీది పన్నుకే పరిమితం. అద్దె, రవాణా వంటి సేవల మీద, యంత్రాల మీద పేరుకుపోయిన క్రెడిట్ ఇందులోకి రాదు. ఆ పరిమితి చెల్లుతుందని 2021 సెప్టెంబరులో వీకేసీ ఫుట్‌స్టెప్స్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక సున్నా రేటు. అమ్మకం మీద పన్ను ఉండదు, వెనక కట్టిన పన్నూ తిరిగి వస్తుంది. మన కుర్చీ ధర 10,000. బ్రిటన్‌లో వికలాంగులు సొంత వాడకానికి చక్రాల కుర్చీ కొంటే వ్యాట్ సున్నా రేటే, అర్హత ఉందని ఒక ధ్రువీకరణ పత్రం మీద సంతకం చేస్తే చాలు. కెనడాలోనూ అనేక వైద్య, సహాయక ఉపకరణాలకు ఇదే పద్ధతి. మన చట్టంలోనూ సున్నా రేటు లేకపోలేదు. ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలకు, ఎగుమతి దిగుమతులకు వర్తించే జీఎస్టీ) చట్టం 16వ సెక్షన్ దాన్ని ఎగుమతులకు, ప్రత్యేక ఆర్థిక మండళ్లకు ఇచ్చింది. అంటే మన దేశంలో తయారైన కుర్చీ లండన్‌కు వెళ్తే పన్ను భారం మొత్తం తొలగుతుంది, గుంటూరులోనో వరంగల్‌లోనో అమ్ముడైతే తొలగదు. ఇది ఏ మాత్రం సమంజసం కాదు.

నన్నడిగితే సున్నా రేటే అన్నిటికన్నా మేలు. అది వచ్చేదాకా చక్రాల కుర్చీలు, వికలాంగుల మోటారు వాహనాల వంటి వాటికి త్వరగా అందే వాపసుతో 5 శాతం, చేతిపనితో తయారయ్యే కృత్రిమ అవయవాలకు మినహాయింపు ఉండాలి. కాక్లియర్ ఇంప్లాంట్‌ను వినికిడి యంత్రం పక్కన చేర్చడానికి ఇక ఆలస్యం చేయకూడదు.

కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ అలిమ్కో తయారు చేసే ఉపకరణాలను ఏడీఐపీ (వికలాంగులకు సహాయక ఉపకరణాలు అందించే కేంద్ర పథకం) కింద ఉచితంగా అందుకునేవారికి ఈ తేడాలు తగలవు. సొంత డబ్బుతో కొనేవారు బిల్లు చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం శ్లాబు లేదు. థర్మామీటర్లు, గ్లూకోమీటర్లు, వాటి స్ట్రిప్పులు, చూపు సరిచేసే కళ్లద్దాలు 5 శాతంలోకి వచ్చాయి. చక్రాల కుర్చీకి గానీ వీటికి గానీ ఎవరైనా 12, 18 శాతం వేస్తే హెచ్‌ఎస్‌ఎన్ అంకె చూపించి బిల్లు మార్పించుకోవచ్చు.