ఎండలు ముదరకముందే అడవికి: నల్లమల, అనంతగిరి, లక్నవరం

మార్చి, ఏప్రిల్ నెలల్లో మల్లెలతీర్థం, కుంటాల, బొగత అని లిస్టు రాసుకుని కారు తీసేవాళ్లకి ముందే ఒక మాట చెప్పాలి. ఆ జలపాతాలన్నీ వానాకాలం సొత్తు. హోళీ దాటాక వెళితే బండ మీద సన్నటి ధార కనిపిస్తుంది, అదీ ఉంటే. అలాగని వేసవి మొదట్లో అడవికి పోకూడదని కాదు, మా ఇద్దరికీ ఏడాది మొత్తంలో ఇష్టమైన కాలం ఇదే. ఆకు రాలిపోయి ఉంటుంది కాబట్టి చూపు లోపలిదాకా పోతుంది, వాగులు ఎండిపోతాయి కాబట్టి జంతువులు నీళ్లున్న చోటికే వస్తాయి, పైగా మోదుగలు, ఇప్పలు, రేలలు ఒకదాని వెనక ఒకటి పూసేది ఇప్పుడే.

బస ఎంచుకునేటప్పుడు మేం గది ఎంత పెద్దది, ఏసీ ఉందా, స్విమ్మింగ్ పూల్ ఉందా అని చూడటం మానేశాం. తెల్లారి ఐదున్నరకి కళ్లు తెరిస్తే ఎక్కడ ఉంటామన్నదే చూస్తాం. తొమ్మిదిన్నర దాటితే ఎండ చుర్రుమంటుంది, పక్షులు కూడా గప్‌చిప్, మళ్లీ సాయంత్రం నాలుగున్నర దాకా అడవిలో చూసేదేమీ ఉండదు. ఆ పొద్దుటి మూడు, నాలుగు గంటలు రోడ్డు మీదో, రిసెప్షన్‌లో చెకిన్ కోసమో గడిచిపోతే ట్రిప్పు మొత్తం పోయినట్టే.

హైదరాబాద్ నుంచి నల్లమల అంటే శ్రీశైలం రోడ్డే. కల్వకుర్తి, డిండి, హాజీపూర్ దాటితే మన్ననూరు, దాదాపు 140 కిలోమీటర్లు. అక్కడి అటవీ శాఖ చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు బండ్లు వదలరు, కాబట్టి "రాత్రంతా డ్రైవ్ చేసి పొద్దున్నే అడవిలో ఉందాం" అనే ప్లాన్ కుదరదు. ముందురోజు సాయంత్రానికే మన్ననూరు చేరి అక్కడ పడుకోవడం మంచిది. మా ఆయనకి డ్రైవింగ్ అంటే ప్రాణం, ఎంత దూరమైనా ఒక్క ఊపులో పోదామంటాడు, అయినా ఈ ఒక్క విషయంలో నా మాటే నెగ్గుతుంది.

మన్ననూరు చుట్టూ ఉన్న ఈ అడవే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్, 2,600 చదరపు కిలోమీటర్ల పైమాటే. సఫారీ అటవీ శాఖ బండ్లలోనే, సొంత కారు లోపలికి రానివ్వరు. పులిని చూడాలనే పట్టుదలతో వెళితే మాత్రం నిరాశ తప్పదు, ఇంత పెద్ద అడవిలో ఉన్న కొద్ది పులులు రోడ్డు పక్కన మన కోసం నిలబడవు. మాకు కనిపించింది దుప్పుల గుంపులు, కణితులు, నెమళ్లు, ఒక బెట్టుడుత. బెట్టుడుతని దగ్గర్నుంచి చూశారా ఎప్పుడైనా? ముదురు ఎరుపు రంగు, మనిషి చెయ్యంత తోక, కొమ్మ మీద వెనక కాళ్లతో పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ కాయ తింటుంది. డ్రైవర్ ఇంజిన్ ఆపేసి, అది తినడం అయ్యేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. సర్వీసు అంటే నా దృష్టిలో అదీ. తర్వాతి ట్రిప్పుకి టైమైపోతోందని తొందరపెట్టలేదు. వేసవిలో నీళ్లు లేని చోట్ల అటవీ శాఖ వాళ్లు సిమెంటు సాసర్ పిట్లు (లోతు తక్కువ నీటి గుంటలు) కట్టి ట్యాంకర్లతో నింపుతారు. వాటి దగ్గర కాసేపు ఆపమని అడగండి, మేం చూసిన వాటిలో సగం అక్కడే చూశాం. ఫర్హాబాద్ వ్యూ పాయింట్ దగ్గర నుంచి లోయ బాగుంటుంది గానీ ఈ కాలంలో దూరమంతా పొగమంచులా దుమ్ము పట్టి ఉంటుంది, ఫొటోల కోసమైతే వానలు పడ్డాక రండి.

నా ఓటు మాత్రం ఆంధ్ర వైపున్న బైర్లూటికి. శ్రీశైలం నుంచి దోర్నాలకి దిగి, ఆత్మకూరు రోడ్డు పట్టుకోవాలి (ఈ రోడ్డు కూడా రాత్రిళ్లు మూసేస్తారు, చూసుకోండి). అటవీ శాఖ వాళ్ల జంగిల్ క్యాంపు, టెంట్లు, కాటేజీలు ఉంటాయి, అక్కడి చెంచులే నడుపుతారు, భోజనం, సఫారీ ప్యాకేజీలో కలిపే వస్తాయి. గది మామూలుది, మధ్యాహ్నం ఉక్కపోస్తుంది, ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. అయితే పొద్దున చెంచు గైడ్‌తో నడవడానికి వెళ్లామంటే ఇవన్నీ మర్చిపోతాం. ఇప్పచెట్టు కింద నేలంతా లేత పసుపు రంగు పువ్వులు, గోళీకాయంత లావుగా, రసంతో ఉబ్బి ఉన్నాయి. వేళ్లతో నొక్కితే జిగురుగా తియ్యటి నీరు కారుతుంది, వాసన మొదట బాగుంటుంది, తర్వాత తల దిమ్మెక్కిస్తుంది. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది, దాని కోసం ఎలుగుబంట్లు వస్తాయి, అందుకే చీకట్లో ఇప్పచెట్ల వైపు ఎవరూ ఒంటరిగా వెళ్లరని గైడ్ చెప్పాడు. చెట్టు మొదట్లో గోళ్లు గీసిన గాట్లు చూపించాడు, ఆ పక్కనే తవ్వేసిన చెదల పుట్ట. ఆ అబ్బాయి మా కంటే చిన్నవాడు, తక్కువ మాట్లాడతాడు, ఏ కూత ఏ పిట్టదో ఆగకుండా చెప్పగలడు. టిప్పు ఇవ్వబోతే క్యాంపు పెట్టెలో వేయమన్నాడు, అందరూ పంచుకుంటారట.

ఒక జాగ్రత్త. ఉగాదికి ముందు వారం, పది రోజులు ఈ రోడ్లన్నీ కన్నడ భక్తులతో నిండిపోతాయి. కర్ణాటక నుంచి వేలకు వేల మంది నల్లమల గుండా నడుచుకుంటూ శ్రీశైలం వస్తారు, కాళ్లకి బొబ్బలెక్కినా మల్లన్న పేరు తలుచుకుంటూ నడిచిపోతుంటారు, దారి పొడుగునా వాళ్లకి మజ్జిగ, అన్నం పెట్టేవాళ్లు ఉంటారు. చూడాల్సిన దృశ్యమే, కాదనను. కాకపోతే ఆ రోజుల్లో శ్రీశైలంలో గది దొరకడం గగనం, కారు నడిచే మనుషుల మధ్య మెల్లగా పోవాలి. ప్రశాంతత కోసం వెళ్లేవాళ్లు పండగ అయ్యాక పెట్టుకోండి.

ఇప్పుడు నచ్చని సంగతి. ఇంకో కొండ ప్రాంతంలో ఒక ప్రైవేటు రిసార్టులో ఉన్నాం, పేరు చెప్పను. ఆన్‌లైన్ ఫొటోల్లో చుట్టూ పచ్చని చెట్లు, బాల్కనీలోంచి లోయ. డబ్బు క్యాంపు కంటే రెట్టింపు పైనే. వెళ్లాక లోయ కనిపించే గదులు "పెళ్లి పార్టీకి ఇచ్చేశాం మేడమ్" అన్నారు, రాత్రి పన్నెండు దాకా డీజే, కరెంటు పోతే కిటికీ కిందే జనరేటర్. అన్నింటికంటే నన్ను బాధపెట్టింది పొద్దున మెయిన్ గేటుకి తాళం. ఆరున్నర దాకా తీయరట, సెక్యూరిటీ కారణాలట. అడవి పక్కన ఉండి అడవికి వెళ్లలేని పరిస్థితి! టిఫిన్ ఎనిమిదిన్నరకి మొదలు. అడ్వాన్స్‌లో కొంత వెనక్కి ఇమ్మంటే మేనేజర్ రాడు, ఫోన్ ఎత్తడు. అప్పటి నుంచి బుక్ చేసే ముందు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడుగుతున్నాను: పొద్దున ఐదున్నరకి గేటు తీస్తారా, ఆ రోజు ఫంక్షన్లు ఏమైనా ఉన్నాయా, గది నంబరు ముందే చెప్తారా. వీటికి సూటిగా జవాబు చెప్పని చోటికి వెళ్లొద్దు, అంతే.

విశాఖ వైపు అనంతగిరి, అరకు అంటే అందరూ డిసెంబరు అంటారు, మంచు కోసం. మేం వెళ్లింది మాత్రం కాఫీ పూత కోసం. మార్చి, ఏప్రిల్‌లో మొదటి వాన పడ్డాక వారం, పది రోజులకి తోటలన్నీ ఒక్కసారిగా పూస్తాయి. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి, ఆ నీడలో కాఫీ మొక్కల కొమ్మకి ఈ చివర నుంచి ఆ చివరదాకా, ప్రతి కణుపు దగ్గరా తెల్లటి గుత్తులు. వాసన అచ్చం మల్లెపూలదే. మూడు, నాలుగు రోజులు ఉంటుంది, తర్వాత పూలు గోధుమ రంగులోకి తిరిగి రాలిపోతాయి. అందుకే తేదీ ముందే ఖాయం చేసుకునే ట్రిప్పు కాదిది. అక్కడ హోంస్టే నడిపే అక్కకి ఫోన్ చేసి వాన పడిందా అని అడుగుతూ ఉన్నాం, పడిందనగానే విశాఖకి రాత్రి రైలు ఎక్కి, అక్కడ సెల్ఫ్ డ్రైవ్ కారు తీసుకుని ఘాట్ ఎక్కాం. అద్దె కారు తీసుకునేటప్పుడు టైర్లు, బ్రేకులు, స్టెప్నీ చూసి, నాలుగు వైపులా వీడియో తీసుకోండి, ఘాట్ రోడ్డులో అదే ముఖ్యం, తిరిగిచ్చేటప్పుడు గీతల గురించి గొడవ కూడా ఉండదు.

హోంస్టేలో గదులు చిన్నవి, దుప్పట్లు శుభ్రం, వేడినీళ్లు కట్టెల పొయ్యి మీద. రాగి జావ, అక్కడి పసుపు వేసి చేసిన నాటుకోడి కూర, భోజనమయ్యాక వాళ్ల తోటలోదే కాఫీ. అరకు అరబికాకి 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది, తోటలు ఎక్కువగా గిరిజన రైతులవే, కొనాలనుకుంటే నేరుగా వాళ్ల దగ్గరే కొనండి. బొర్రా గుహలు చూడదగ్గవే గానీ శని, ఆదివారాల్లో లోపల జనంతో ఊపిరాడదు, గేటు తెరవగానే వెళ్లి వచ్చేయాలి.

లక్నవరం గురించి ఎక్కువ చెప్పను. ములుగు దగ్గరున్న కాకతీయుల నాటి చెరువు, ఈ కాలంలోనూ నీళ్లుంటాయి, వేలాడే వంతెన దాటి దీవి మీద ఉండొచ్చు. వారం మధ్యలో వెళితే హాయిగా ఉంటుంది, వీకెండ్ అయితే వద్దు. దారిలోనే రామప్ప గుడి ఉంది, 1213 నాటిది, యునెస్కో గుర్తింపు 2021లో వచ్చింది. సాయంత్రం ఐదింటికి చూడండి, మదనికల శిల్పాల మీద వాలు వెలుగు పడి గాజులు, వేళ్ల గణుపులు కూడా స్పష్టంగా తెలుస్తాయి. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు నాకు ఎంతో ఇష్టం, కానీ ఏప్రిల్‌లో వాగుల్లో నీళ్లు తక్కువ, దాన్ని సెప్టెంబరుకి దాచుకున్నాం.

ఈ కాలంలో అడవుల్లో తిరిగేటప్పుడు నిప్పు విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. నేలంతా ఎండుటాకే. చాలాసేపు నడిచిన కారు సైలెన్సర్ విపరీతంగా కాలి ఉంటుంది, ఎండుగడ్డి మీద పార్క్ చేయొద్దు, ఎప్పుడూ మట్టి మీదో, తారు మీదో ఆపాలి. సిగరెట్, బీడీ, రోడ్డు పక్కన వంట, ఏవీ వద్దు. అమ్రాబాద్‌లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నిషేధం, కాబట్టి స్టీలు సీసాలు, పెద్ద నీళ్ల క్యాను పెట్టుకుంటాం. కోతులకి అరటిపళ్లు విసిరే కార్లు చూస్తే మా ఆయన ఆపి మరీ చెప్తాడు, కొందరు వింటారు, కొందరు తిట్టిపోతారు. వాటికి అలవాటు చేస్తే రోడ్డు మీదికి వచ్చి బండ్ల కింద పడతాయి, మేం అలా పడినదాన్ని చూశాం.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లకి బైర్లూటి టెంట్లు, మధ్యాహ్నపు ఉక్క కష్టం, వాళ్లకి లక్నవరమో, అరకో బుక్ చేయండి. ఇద్దరే వెళ్తుంటే, పొద్దున్నే లేవడానికి బద్ధకం లేకపోతే, కళ్లు మూసుకుని బైర్లూటికి వెళ్లండి. ఏప్రిల్ రెండో వారం దాటాక ఎండ మరీ ఎక్కువైపోతుంది, ఈలోపే పెట్టుకోండి, శని, ఆదివారాలు త్వరగా నిండిపోతాయి కాబట్టి మంగళ, బుధవారాలు చూడండి.