మూడేళ్ళ ఇండక్షన్ పొయ్యి: గ్యాస్ మిగిలింది, డబ్బు ఎంత మిగిలిందో కూడా చెప్తాను

మా ఇల్లు మల్కాజిగిరిలో. నేను, మా ఆయన, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు, మొత్తం ఐదుగురం. 2020లో లాక్‌డౌన్ అప్పుడు హైదరాబాద్‌లో గ్యాస్ సిలిండర్ 650 రూపాయల లోపే వచ్చేది. 2022 జులైకి 1105 అయింది. అదే ఏడాది ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక మంచినూనె ప్యాకెట్ 200 దగ్గరికి పోయింది, ఏప్రిల్‌లో పెట్రోల్ లీటరు 119 దాటింది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. ఆ రెండేళ్ళలో నా జీతం రూపాయి పెరగలేదు. దేన్ని తగ్గించుకోగలమా అని ఇంట్లో కూర్చుని లెక్కలు రాసుకుంటే పాలు తగ్గించలేం, పిల్లల ఫీజులు తగ్గించలేం, అత్తమ్మ మందులు తగ్గించలేం. మిగిలింది గ్యాస్. అలా ఆ జులైలోనే ఇండక్షన్ పొయ్యి కొన్నాం. మూడేళ్ళు దాటింది, ఎండాకాలం మూడు నెలలు తప్ప ఇప్పటికీ రోజూ వాడుతున్నాం. కొనే ముందు నేను చూసిన సమీక్షలన్నీ డబ్బా విప్పిన వారంలో చెప్పినవే. ఎండాకాలం ఎలా ఉంటుంది, కరెంటు బిల్లు ఎంత వస్తుంది, రెండో ఏడాది ఏం పాడవుతుంది అన్నది ఒక్కరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా ఖర్చు. పొయ్యి 2,600. అక్కడితో అయిపోతుందనుకున్నాను, కాలేదు. మా ఇంట్లో ఉన్న కుక్కర్ అల్యూమినియంది, అడుగు కొంచెం గుండ్రంగా ఉంటుంది. పొయ్యి మీద పెడితే కుయ్ కుయ్ మని అరిచి ఆగిపోయింది. అత్తమ్మ పెళ్ళినాటి ఇత్తడి గిన్నెలు, చేపల పులుసు మట్టిపాత్ర, పాలగిన్నె, ఏవీ పనికిరాలేదు. అయస్కాంతం అతుక్కునే అడుగు ఉంటేనే ఈ పొయ్యి పని చేస్తుంది. ఫ్రిజ్ తలుపు మీద అతికించే బొమ్మ ఒకటి బ్యాగులో వేసుకుని మోండా మార్కెట్ దగ్గర స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్ళి, ప్రతి గిన్నె తిరగేసి అంటించి చూశాను. కొట్టతను విసుక్కోలేదు, ఇప్పుడు అందరూ ఇట్లాగే వస్తున్నారమ్మా అన్నాడు. ఇండక్షన్ అడుగున్న మూడు లీటర్ల కుక్కర్ 1,900, రెండు స్టీలు గిన్నెలు 800. వంటింట్లో ఉన్నది మిక్సీకి వాడే చిన్న సాకెట్. మొదటి వారంలోనే అది వేడెక్కి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి విడిగా లావు వైరు లాగించి 15 ఆంప్స్ సాకెట్ పెట్టించాం, 700. అంటే మొత్తం 6,000 అయింది. మీరు కొనేటట్టయితే ముందు ఇంట్లో గిన్నెలకి అయస్కాంతం పెట్టి చూడండి, సాకెట్ చూసుకోండి. ఆ రెండూ సరిగ్గా ఉంటే మీ ఖర్చు మాకైన దాంట్లో సగం కూడా ఉండదు.

దేనికి బాగుంది అంటే, నీళ్ళతో ఉడికే ప్రతిదానికీ. అన్నం, పప్పు, సాంబారు, చారు, ఇడ్లీ, గుడ్లు, పాలు, టీ. పెద్దోడు డిప్లొమా చదువుతున్నాడు, వాడు ప్లగ్‌కి పెట్టే చిన్న మీటరు తెచ్చాడు. దాంతో నెలరోజులు కొలిచాం. లీటరు నీళ్ళు మరగడానికి యూనిట్‌లో పదో వంతు. కుక్కర్‌లో కింద పప్పు, పైన గిన్నెలో బియ్యం పెట్టి ఒకేసారి వండితే పావు యూనిట్. కందిపప్పు అరగంట నానబెట్టి, రెండు విజిల్స్ రాగానే ఆపేసి మూత తియ్యకుండా వదిలేస్తే ఆ ఆవిరికే మెత్తగా ఉడుకుతుంది. పాలు పొంగవు, ఇది నాకు చాలా పెద్ద విషయం. వేడి తగ్గించి టైమర్ పెట్టి పిల్లకి జడ వేసి వచ్చేదాకా గిన్నె అంచు దాటవు. అంతకుముందు వారానికి ఒకసారైనా పొయ్యి మీద పాలు పొంగించేదాన్ని. ఇప్పుడు అర లీటరు పాలు ఎంత ఉన్నాయో చూస్తే ఒక్క చుక్క పారబోయడానికి మనసొప్పదు.

దేనికి బాగాలేదో కూడా చెప్పాలి. మా ఇంట్లో రాత్రి అత్తమ్మకి జొన్నరొట్టె కావాలి. రొట్టె మంట మీద పొంగాలి, ఇక్కడ మంటే లేదు. దోశ పెనం మధ్యలో మాడుతుంది, అంచుల్లో తెల్లగా ఉంటుంది, ఎందుకంటే కింద కాయిల్ ఉన్నంత మేరే వేడెక్కుతుంది. వంకాయ కాల్చి పచ్చడి చెయ్యడం కుదరదు. పోపు వేసేటప్పుడు గిన్నె వంచితే పొయ్యి ఆగిపోతుంది. మొదట్లో అత్తమ్మ "గా కరెంటు పొయ్యి మీద అన్నం వండితే రుచి ఉంటదా బిడ్డా" అని రెండు నెలలు ఒప్పుకోలేదు. తర్వాత ఒక రోజు నేను స్కూల్ నుంచి వచ్చేసరికి తనే చారు పెట్టుకుని ఉంది. ఇప్పుడు పొద్దున టీ ఆమే పెడుతుంది. వంగి లైటర్ కొట్టే పని లేదు, మంట భయం లేదు. పెద్దవాళ్ళున్న ఇంటికి ఇది మంచిదని నేను ధైర్యంగా చెప్తాను.

ఇక లెక్క. మా వంటింట్లో గోడకి తెలుగు క్యాలెండర్ ఉంటుంది. తిథి, వర్జ్యం కింద మిగిలిన చోట పాల లెక్క రాస్తాం, సిలిండర్ మార్చిన తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుడతాం. ఇండక్షన్ రాకముందు ఆ సున్నాలు 32, 33 రోజులకొకటి పడేవి. ఏడాదికి 11 సిలిండర్లు. వచ్చాక, అది వాడిన నెలల్లో, రెండు నెలలకొకటి, ఏడాది లెక్కన 6. అంటే ఏడాది పొడవునా వాడితే ఐదు సిలిండర్లు మిగులుతాయి. దీనికి కాలిన కరెంటు నెలకి 52 యూనిట్లు. ఇక్కడిదాకా విన్నవాళ్ళు వెంటనే కొనేస్తారు. కొంచెం ఆగండి.

తెలంగాణలో ఇళ్ళకి కరెంటు రేటు నెల వాడకాన్ని బట్టి మారుతుంది. మొత్తం 101 నుంచి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి వందకి యూనిట్ 3.40, తర్వాతి వందకి 4.80. 200 దాటి ఒక్క యూనిట్ ఎక్కువైనా మొదటి రెండు వందలకీ 5.10 పడుతుంది, పైన 300 దాకా 7.70. 200 యూనిట్లకి 820 రూపాయలయ్యే చార్జీ 201కి 1,028 అవుతుంది. ఫిక్స్‌డ్ చార్జీ, డ్యూటీ ఇవన్నీ విడిగా.

మాకు చలికాలంలో ఇండక్షన్ లేకుండా 130 యూనిట్లు కాలుతుంది. దాంతో కలిపి 182. ఎక్కువ కట్టింది 250 రూపాయలు. అప్పుడు సిలిండర్ 1105, నెలకి మిగిలిన గ్యాస్ విలువ 460. అంటే 210 చేతిలో మిగిలింది. బాగుంది కదా. 2023 ఏప్రిల్‌లో కూలర్, ఫ్యాన్లు, ఫ్రిజ్ కలిసి 180 కాలింది. ఇండక్షన్ 52 కలిసి 232 అయింది. 724 రావాల్సిన చోట 1,266 వచ్చింది. 52 యూనిట్లకి 542 రూపాయలు, యూనిట్‌కి పది దాటింది! సిలిండర్ అప్పటికి 1155 అయినా మిగిలిన గ్యాసేమో 480. ఆ బిల్లు చేతిలో పట్టుకుని రీడింగ్ తీసే అతన్ని తప్పు కొట్టావని అడిగాను కూడా. పాపం అతను స్లాబ్ పద్ధతి ఓపికగా వివరించి వెళ్ళాడు. ఆ రాత్రి పెద్దోడు, నేను కూర్చుని మొత్తం లెక్క కట్టాం.

సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది. ఆ వేడి మొత్తం కరెంటులోకి మారిస్తే సుమారు 180 యూనిట్లు. గ్యాస్ మంటలో నలభై శాతం దాకా గిన్నె పక్కల నుంచే పోతుంది. ఇండక్షన్‌లో గిన్నె అడుగే వేడెక్కుతుంది కాబట్టి 85 శాతం వంటకే పడుతుంది. అలా చూస్తే ఒక సిలిండర్ చేసే వంట ఇండక్షన్ మీద 125 యూనిట్లలో అయిపోతుంది. మా క్యాలెండర్ లెక్క కూడా దీనికి దగ్గరగానే వచ్చింది. సిలిండర్ ధరని 125తో భాగించండి. 1155 ఉన్నప్పుడు 9 రూపాయల పైచిలుకు. మీ చివరి యూనిట్ అంతకంటే తక్కువకి వస్తుంటే ఇండక్షన్ లాభం, ఎక్కువైతే గ్యాసే నయం. 2023 ఆగస్టు చివర్లో 200 తగ్గి 955 అయింది, 2024 మార్చిలో ఇంకో 100 తగ్గి 855, 2025 ఏప్రిల్‌లో 50 పెరిగి 905. ఆ 905 దగ్గర ఈ అంకె 7.24. 200 లోపు మీకు 4.80కే వస్తుంది, గెలుస్తారు. దాటితే 7.70, ఓడిపోతారు.

అందుకని ఇప్పుడు మా పద్ధతి ఇది. ప్రతి ఆదివారం మీటరు చూసి క్యాలెండర్ మీద రాస్తాను. రీడింగ్ నెల మొదటి వారంలో తీస్తారు. ఇరవయ్యో తేదీకి 150 దాటితే ఇండక్షన్ ప్లగ్ తీసేసి గ్యాస్ మీదికి వెళ్ళిపోతాం. ఏప్రిల్, మే, జూన్ మూడు నెలలూ పొయ్యిని గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేస్తాం. నిజానికి మంట సెగ లేని పొయ్యి అవసరమయ్యేది ఎండాకాలంలోనే, మధ్యాహ్నం పన్నెండింటికి గ్యాస్ ముందు నిలబడి వండే ఆడవాళ్ళకి తెలుస్తుంది. సరిగ్గా అప్పుడే వాడలేకపోవడం నాకు చాలా బాధ.

మూడేళ్ళలో మొత్తం ఎంత మిగిలింది? ఎండాకాలాలు తీసేసి నెల నెలా వేసుకుంటే దాదాపు 4,700. పెట్టింది 6,000, రిపేరు 500. ఇంకా మా డబ్బు మాకు రాలేదు. మొదటి ఏడాది 1,900 మిగిలింది కానీ గ్యాస్ ధర తగ్గిన కొద్దీ మా లాభమూ తగ్గింది. ఇంకో ఏడాదిన్నర, రెండేళ్ళు నడిస్తే సమానం అవుతుంది. అయినా కొన్నందుకు బాధ లేదు. బుక్ చేసిన సిలిండర్ వారం దాకా రాని రోజులు రెండుసార్లు వచ్చాయి, ఒకసారి పండగ ముందు. పక్కింట్లో అప్పు సిలిండర్ అడగాల్సిన పని పడలేదు. సిలిండర్ తెచ్చే అబ్బాయికి ప్రతిసారీ బిల్లు మీద ఇవ్వాల్సి వచ్చే 40 రూపాయలు కూడా ఏడాదికి మూడు నాలుగుసార్లు తప్పాయి, అది నేను పై లెక్కలో వెయ్యలేదు.

మా కింద పోర్షన్‌లో ఉండే అక్క వాళ్ళ కథ వేరే. వాళ్ళు ముగ్గురే, తెల్ల రేషన్ కార్డు ఉంది. 2024 ఫిబ్రవరి చివర్లో ప్రభుత్వ గృహజ్యోతి పథకం మొదలయ్యాక 200 యూనిట్ల దాకా వాళ్ళకి జీరో బిల్లు. వాళ్ళ వాడకం 90 దాటదు. నా మాట విని 2,200 పెట్టి పొయ్యి కొన్నది, గిన్నెలు ఉన్నవే సరిపోయాయి. వాళ్ళకి వంట కరెంటు ఉచితంగా వస్తున్నట్టే. 500 రూపాయల సిలిండర్ పథకంలో కూడా ఏడాదికి ఎన్ని ఇస్తారనేది పాత మూడేళ్ళ సగటు వాడకాన్ని బట్టి ఉంటుంది, అది దాటాల్సిన అవసరమే వాళ్ళకి రావట్లేదు. అక్కకి నేను ఒకటే చెప్పాను, 200 మాత్రం దాటనివ్వకు, దాటిన నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే అని. ఆమె కూడా ఇప్పుడు మీటరు చూడడం నేర్చుకుంది. జీరో బిల్లు వచ్చే ఇళ్ళు ఎవరున్నా ఇండక్షన్ కొనమని గట్టిగా చెప్తాను. అలాగే ఏసీ నడుస్తూ ఏడాది పొడవునా 300 యూనిట్లు కాల్చే ఇళ్ళు డబ్బు కోసం మాత్రం కొనొద్దు.

రిపేరు సంగతి. రెండో వర్షాకాలంలో ఒక రోజు స్విచ్ వెయ్యగానే టప్ మని శబ్దం వచ్చి అంతా ఆరిపోయింది. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే చూడకుండానే బోర్డు మొత్తం మార్చాలి, 1,450 అన్నారు. కొత్తది కొన్నంత పని. తిరిగి తెచ్చేసి మా వీధి చివర టీవీలు బాగుచేసే ఆయనకిచ్చాను. విప్పి చూపించాడు. లోపలి ఫ్యాన్ రెక్కల మీద నూనె జిడ్డు, దుమ్ము కలిసి నల్లగా గడ్డకట్టి ఉంది, ఒక మూలకి చచ్చిన బొద్దింక. గాలి ఆడక లోపలి పార్టు మాడిపోయిందట. అది మార్చి, ఫ్యూజు వేసి 500 తీసుకున్నాడు. ఇంకో మాట చెప్పాడు. వంట అవ్వగానే మనం ప్లగ్ దగ్గర స్విచ్ ఆపేస్తాం కదా, అది తప్పట. పొయ్యి బటన్ ఆపి, ఫ్యాన్ తనంతట తాను ఆగేదాకా ఒకటి రెండు నిమిషాలు వదిలెయ్యాలి. అప్పటిదాకా నేను రోజూ ఆ తప్పే చేశాను. ఇప్పుడు నెలకోసారి పాత టూత్‌బ్రష్‌తో కింద జాలీ శుభ్రం చేస్తున్నాను, వేపుళ్ళు దాని పక్కన పెట్టడం మానేశాను. మళ్ళీ రిపేరు రాలేదు.

మాది టచ్ బటన్లది. తడి చేత్తో నొక్కితే పలకదు, బియ్యం కడిగిన చేతిని ప్రతిసారీ కొంగుకి తుడుచుకోవాలి. అత్తమ్మ కళ్ళకి ఆ సన్నని గుర్తులు సరిగ్గా కనిపించవు, అందుకని ఆన్ బటన్ పక్కన ఎర్ర బొట్టుబిళ్ళ అతికించాను. ఇది పాడైపోతే మళ్ళీ ఇండక్షనే కొంటాను, కానీ నొక్కే బటన్లున్నదే తీసుకుంటాను.