పిల్ వేయాలా, చట్టం మార్పించాలా, రూల్స్ మార్పించాలా?

"సార్, ఒక్కో ముద్దాయి జామీను కోసం ఇలా కొట్లాడే బదులు పద్ధతినే మార్పించలేమా?" బార్ రూంలో జూనియర్లు నన్ను అడిగీ అడిగీ విసిగించిన ప్రశ్న ఇది. జామీను అంటే బెయిలు ఇచ్చేటప్పుడు కోర్టు అడిగే పూచీ. మార్పించవచ్చు. ఏ తలుపు తట్టాలన్నదే పేచీ.

అందరి చూపూ మొదట పిల్ (ప్రజాహిత వ్యాజ్యం) మీదే. కారణం లేకపోలేదు. బీహార్ జైళ్లలో మగ్గుతున్న విచారణ ఖైదీల గురించి పేపర్లో చదివి పుష్పా కపిలా హింగోరానీ అనే లాయరు సుప్రీంకోర్టుకు వెళ్లారు. అదే 1979 నాటి హుస్సేనారా ఖాతూన్ కేసు. దాని పుణ్యాన దాదాపు 40,000 మంది బయటపడ్డారు. ఒక్క పిటిషన్‌తో అంత పని జరగడం మామూలు విషయం కాదు.

మరి అంతకు ముందు ఏడాది వచ్చిన మోతీరామ్ తీర్పు సంగతేమిటి? మధ్యప్రదేశ్‌లో ఒక తాపీ మేస్త్రీకి మేజిస్ట్రేటు 10,000 రూపాయల జామీను అడిగారు. అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ జామీను కూడా ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టి, 1,000 రూపాయల సొంత బాండు మీద వదలమన్నారు. సరిగ్గా ఇదే మాటను, స్థానిక జామీనుదారే కావాలని పట్టుబట్టవద్దని, సుప్రీంకోర్టు 2023 జనవరి 31న మళ్లీ చెప్పాల్సి వచ్చింది. 45 ఏళ్లు!

అది చెప్పాక కూడా ఒక కోర్టులో నా క్లయింటు బావమరిదిని పక్క జిల్లావాడని తిప్పి పంపారు. తీర్పు కాపీ చూపిస్తే, "మాకు సర్క్యులర్ రాలేదండీ" అన్నారు అక్కడి సిబ్బంది. అతను మళ్లీ బస్సెక్కాడు. క్లయింటు ఇంకో తొమ్మిది రోజులు లోపలే ఉన్నాడు.

నా లెక్కలో అంతా తేలేది ఇక్కడే. ఎంత గొప్ప తీర్పైనా సరే, అది ఎవరి టేబుల్ మీద, ఏ ఫారం రూపంలో పడుతుంది? కింది కోర్టు రోజూ తిరగేసేది క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్, అంటే క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే రూల్స్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అవి 1990లో వచ్చాయి. వాటిని చేసేది హైకోర్టు, కింది కోర్టులను తనిఖీ చేసేదీ హైకోర్టే. రూల్ నంబరు చెబితే "సర్క్యులర్ రాలేదు" అనే మాట ఉండదు. 2021లో సుప్రీంకోర్టు కొత్త ముసాయిదా రూల్స్ ఇచ్చి, ఆరు నెలల్లో అమల్లోకి తెమ్మని హైకోర్టులకు చెప్పింది. ఆ ముసాయిదా వెనక ఉన్నది కోర్టుకు సాయపడిన లాయర్లే. పోలీసులు సేకరించి, తమ కేసుకు వాడుకోకుండా పక్కన పెట్టిన కాగితాల జాబితా కూడా ముద్దాయికి ఇవ్వాలన్నది అందులోదే. డిఫెన్స్ చేసేవాళ్లకు దాని విలువ వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఈ దారిలో పేపర్లో పేరు రాదు, ఓపిక మాత్రం బోలెడు కావాలి.

చట్ట సవరణ అంటారా? ఉత్తరప్రదేశ్ 1976లో ముందస్తు బెయిల్ తీసేసింది. తిరిగి వచ్చింది 2019లో. క్రిమినల్ ప్రొసీజర్ కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోది కాబట్టి, కేంద్ర చట్టానికి భిన్నంగా వెళ్తే రాష్ట్రపతి ఆమోదం కావాలి. పైగా ముద్దాయిల తరఫున మాట్లాడితే ఏ ఎమ్మెల్యేకి ఓట్లొస్తాయి?

లాయర్లంతా కోర్టులను బహిష్కరించడం గురించి కూడా అడుగుతారు. ఆ రోజు వాయిదా పడేది మన క్లయింటు బెయిలే.

పిల్ వద్దని కాదు, వందల మంది ఒకేసారి ఇరుక్కున్నప్పుడు అదే దిక్కు. జామీను పద్ధతి లాంటి రోజువారీ వ్యవహారానికి మాత్రం నేను రూల్స్ వైపే. అందుకే జూనియర్లకు ఒక పని చెబుతున్నాను. జామీనుదారుని కాదన్నప్పుడల్లా కారణం రాసిమ్మని అడిగి, ఆ ఆర్డరు కాపీ తీసుకోండి. హైకోర్టుకు పంపే అర్జీకి అవే ఆధారం. నా దగ్గర ఇప్పటికి పదకొండు ఉన్నాయి.